రెండు పంచాంగాల నడుమ పూలసాగు: గంజాం నుంచి కోరాపుట్ దాకా లాభం లెక్క

బరంపురం పూల బజారులో ధర ఏ రోజు లేస్తుందో ముందే పట్టుకోవాలంటే గోడకి రెండు క్యాలెండర్లు ఉండాలి. ఒకటి తెలుగు పంచాంగం, రెండోది ఒడియా పంజిక. ఆంధ్రా సరిహద్దున ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ అనే ఒడిశా జిల్లాల్లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఒకే కొట్టులో పూలు కొంటారు గానీ నెలలు ఒకేసారి మొదలుపెట్టరు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ల పండుగల నెల పున్నమితో ముగుస్తుంది. అందువల్ల ఒడియా కార్తీకం కుమార పున్నమి (మన ఆశ్వయుజ పున్నమి) మర్నాడే మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. తెలుగు కార్తీకం దీపావళి మర్నాడు మొదలై, పున్నమి దాటాక ఇంకో పక్షం నడుస్తుంది. 2024 చూడండి. ఒడియా కార్తీకం అక్టోబరు 18న మొదలైంది, తెలుగు కార్తీకం డిసెంబరు 1న ముగిసింది. సరిహద్దులో పూలు పండించేవాడికి ఆ ఏడాది కార్తీకం ముప్పై రోజులు కాదు, నలభై అయిదు.

మార్గశిర గురువారాలూ అంతే. ఒడియా ఇళ్లలో మాణబసా గురువారం లక్ష్మీపూజ, తెలుగు ఇళ్లలో మార్గశిర లక్ష్మీవారం. 2024లో ఒడియా గురువారాలు నవంబరు 21, 28, డిసెంబరు 5, 12 తేదీల్లో పడ్డాయి. తెలుగు లక్ష్మీవారాలు డిసెంబరు 5, 12, 19, 26 తేదీల్లో పడ్డాయి. వరసగా ఆరు గురువారాలు గిరాకీ, అందులో రెండు గురువారాలు రెండింతలు. రాజమండ్రి పక్క రైతుకు గానీ, కటక్ పక్క రైతుకు గానీ ఈ కలయిక దొరకదు. ఇచ్ఛాపురం అవతలా ఇవతలా, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ చుట్టూ పూలసాగులో లాభం ఉందంటే దానికి మొదటి కారణం ఇదే. భూమి సారం, నీరు, విత్తనం ఆ తర్వాతివి.

అయితే ఈ తేదీలు ఏటా ఒకచోట ఉండవు. ఏటికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ వచ్చి, అధిక మాసం పడిన ఏడు ఒక్కసారిగా ముందుకు దూకుతాయి. 2025లో విజయదశమి అక్టోబరు 2. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల అక్టోబరు 20. పద్దెనిమిది రోజుల తేడా. బంతికి ఇది ప్రాణం మీదికి వచ్చే తేడా. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

బంతి నారు మడిలో 25 రోజులుంటుంది. పొలంలో నాటి, 20–25 రోజులకి తల తుంచితే, నాటిన 60–65 రోజులకి మొదటి కోత వస్తుంది. తల తుంచకపోతే వారం పది రోజులు ముందే పూస్తుంది గానీ కొమ్మలు తక్కువ, పూలు తక్కువ. మొదటి కోత నుంచి మూడు వారాలు మొక్క మంచి ఊపులో ఉంటుంది. ఆ మూడు వారాలు పండుగ మీద పడాలి. 2026 దసరాకి అక్టోబరు 8 నాటికి మొదటి కోత కావాలంటే ఆగస్టు 4–8 మధ్య నాటాలి, అంటే జూలై రెండో వారంలో విత్తనం పడాలి. 2025 దసరాకి ఇదే పని జూన్ చివరి వారంలో పడింది. 2025లో బాగా డబ్బులొచ్చాయని అదే తేదీకి 2026లోనూ నారు పోస్తే పూత సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 10 దాకా వస్తుంది. వినాయక చవితి సెప్టెంబరు 14నే అయిపోతుంది. మహాలయ పక్షం సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 10 దాకా ఉంటుంది. పూలు నిండుగా పూసిన రోజుల్లో కొనేవాడు లేడు, కొనేవాడు వచ్చేసరికి చెట్టు అలసిపోతుంది. పంట బాగా పండింది, డబ్బు రాలేదు అని వినిపించే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే. పురుగూ కాదు, తెగులూ కాదు, దళారీ కాదు.

కాబట్టి మొత్తం విస్తీర్ణం ఒకే రోజు నాటకూడదు. అర ఎకరా బంతి వేసేవాళ్లు దాన్ని మూడు ముక్కలు చేసి పది రోజుల ఎడంతో నాటితే మొదటి ముక్క దసరాకి, రెండోది ఒడియా కార్తీకానికి, మూడోది దీపావళికి, తెలుగు కార్తీకానికి అందుతాయి. ఒక ముక్క దెబ్బ తిన్నా రెండు ముక్కలు నిలబడతాయి.

దెబ్బ తినడం అనేది ఇక్కడ ఊరికే అనే మాట కాదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం తాకి గజపతి జిల్లా కొండలను కుదిపేసింది. మూడూ అక్టోబరు రెండో వారమే, సరిగ్గా దసరా పూలు కోతకొచ్చే సమయం. తీరానికి దగ్గరగా అక్టోబరు కోత మీదే ఏడాది ఆదాయం మొత్తం పెట్టుకోవడం జూదం. సగం విస్తీర్ణం నవంబరు, డిసెంబరు కోతలకు, అంటే కార్తీకం చివరి భాగానికీ మార్గశిర గురువారాలకీ వదలాలి. ఆ తేదీలకి ధర దసరా అంత ఎత్తుకి వెళ్లకపోవచ్చు. కానీ వాన వెనక్కి తగ్గి, ఆకుమచ్చ తెగులు తగ్గి, పువ్వు బరువు పెరుగుతుంది.

వానాకాలం బంతిలో పాడయ్యే చోట్లు రెండే. ఒకటి నారుమడి. నేల మట్టానికి పోసిన మడిలో నీరు నిలిచి నారుకుళ్లు వచ్చి మూడో రోజుకల్లా నారు మాడిపోతుంది. మడి జానెడు ఎత్తు ఉండాలి, విత్తనానికి ట్రైకోడెర్మా (కుళ్లుని అడ్డుకునే మేలు శిలీంధ్రం) పట్టించాలి, పైన కొబ్బరాకుల పందిరి వేయాలి. రెండోది పొలంలో ఒత్తు. ఎండాకాలంలో 45 సెంటీమీటర్ల ఎడం చాలు గానీ వానల్లో వరసల మధ్య 60 సెంటీమీటర్లు ఉంచి బోదెల మీద నాటాలి. గాలి ఆడకపోతే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచి, వారంలో పువ్వు రేకులకి పాకుతాయి. మచ్చ పడ్డ పువ్వుని కొనేవాడు పక్కకి తోసేస్తాడు. మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు మచ్చ కనబడగానే కొట్టాలి, రేకులదాకా వచ్చాక కొట్టి లాభం లేదు. ఎరువు విషయంలో ఎకరాకు ఎనిమిది పది టన్నుల పశువుల ఎరువు, 36 కిలోల నత్రజని, 36 కిలోల భాస్వరం, 30 కిలోల పొటాష్ సరిపోతాయి. నత్రజని సగం నాటేటప్పుడు, సగం నెలన్నరకి. యూరియా ఎక్కువైతే మొక్క నడుమెత్తు పెరిగి ఆకులే మిగులుతాయి, పూత వెనకబడి పండుగ తప్పిపోతుంది. హైబ్రిడ్ పూల నుంచి సొంతంగా విత్తనం కట్టుకున్నవాళ్లకి మరుసటి ఏడు చాలా మొక్కలు ఒంటిరేకు పూలు పూస్తాయి. విత్తనం మీద మిగిలిన డబ్బు అక్కడే పోతుంది.

కాడతో అమ్మే పూలు

ఇంతవరకు చెప్పినది విడిపూల సంగతి. కిలోల్లో తూగి, దండలై మూరల్లెక్కన అమ్ముడుపోయే పూలు. బంతి, చామంతి, మల్లె, కనకాంబరం, ఒంటిరేకు లిల్లీ. కాడతో కోసి కట్టలుగా అమ్మే కట్ ఫ్లవర్స్ వేరే వ్యాపారం. గ్లాడియోలస్, రెండురేకుల లిల్లీ, జెర్బెరా, గులాబీ. విడిపూలను గుడి, ఇల్లు, పండుగ కొంటాయి. కాడపూలను పెళ్లి మండపం కట్టేవాడు, హోటలు, బొకేలు చేసే కొట్టు కొంటారు. మొదటివాళ్లు రోజూ ఎంతో కొంత కొంటారు. రెండోవాళ్లు ముహూర్తం ఉంటే బండెడు కొంటారు, మూఢం వస్తే ఇటువైపు చూడరు. చిన్న రైతు రెండింటినీ ఒకే లెక్కలో చూస్తే దెబ్బ తింటాడు. పొలంలో మూడొంతులు విడిపూలు ఉంచి, ఒక వంతు మాత్రం కాడపూలకి, అది కూడా కొనేవాడితో మాట అయ్యాకే ఇవ్వాలన్నది ఈ జిల్లాలకి సరిపోయే పద్ధతి.

కాడపూలలో తీరప్రాంతానికి శీతాకాలపు పంటగా అమరేది గ్లాడియోలస్. దీని ఖర్చంతా దుంపలోనే ఉంటుంది కనుక దీని లెక్క వివరంగా చూడాలి.

పది సెంట్లలో 30 సెంటీమీటర్ల వరసలు, వరసలో 20 సెంటీమీటర్ల ఎడం పెట్టి, గట్లూ దారులూ పోగా సుమారు 5,000 దుంపలు పడతాయి. 4–5 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న దుంపకే గజం పొడవు కాడ, పన్నెండు పైన మొగ్గలు వస్తాయి. చిన్న దుంప చౌకగా వచ్చిందని కొంటే కాడ మోకాలెత్తు దాటదు. దుంప 5 రూపాయలనుకుంటే 25,000. దుక్కి, ఎరువు, మందులు, నీరు, కూలి కలిపి 8,000 అనుకుంటే మొత్తం 33,000. అయిదువేల దుంపల్లో అమ్మదగ్గ కాడలు 4,200 వస్తాయనుకుందాం. పొలం దగ్గర కాడ 5 రూపాయలకి పోతే వచ్చేది 21,000. అంటే 12,000 నష్టం. చాలామంది మొదటి ఏడాది ఇక్కడే ఆగి, ఈ పంట మనకి అచ్చిరాదు అని వదిలేస్తారు.

కానీ పంట కాడతో అయిపోలేదు, భూమిలో ఇంకా ఉంది. కాడ కోసేటప్పుడు మొక్కకి కనీసం నాలుగు ఆకులు వదిలి, ఆ తర్వాత కూడా తడులిస్తూ ఆరేడు వారాలు ఉంచితే పాత దుంప స్థానంలో కొత్త దుంప ఊరుతుంది, దాని చుట్టూ పిల్లదుంపలు కడతాయి. ఆకు పసుపు తిరిగాక తవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, కార్బెండజిమ్ లీటరుకు 2 గ్రాముల నీళ్లలో అరగంట ముంచి ఆరబెట్టి, మూడు నెలలు 4–5 డిగ్రీల చలిలో దాస్తే మళ్లీ నాటుకోవచ్చు. నూటికి ఎనభై దుంపలు మంచివి మిగిలినా 4,000 దుంపలు, అంటే 20,000 విలువ. కోల్డ్ స్టోరేజీకి, రవాణాకి 3,000 తీసేస్తే 17,000. అప్పుడు ఆ పంట అసలు ఖర్చు 16,000. కాడకు నాలుగు రూపాయల లోపు. అదే 5 రూపాయల ధరకి 12,000 నష్టం కాస్తా 5,000 లాభం అయింది. ధరలు ఊరికో తీరుగా ఉంటాయి కనుక ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవాలి. లెక్క నడిచే తీరు మాత్రం మారదు. గ్లాడియోలస్‌లో కాడ పెట్టుబడిని తిప్పుతుంది, లాభం దుంప ఇస్తుంది. ఆకులన్నీ కలిపి బారెడు కాడ కోసి అమ్మేసేవాడు ఎక్కువ ధర పొందుతున్నాననుకుంటూ వచ్చే ఏటి విత్తనాన్ని అమ్మేసుకుంటున్నాడు.

చలిలో పెట్టకుండా ఇంటి అటక మీద గోనెలో ఉంచిన దుంపకి నిద్ర సరిగా వదలదు. నాటితే కొన్ని పదిహేను రోజులకి, కొన్ని నెలన్నరకి మొలుస్తాయి. కోత ఒక్కసారిగా రాక ముహూర్తానికి కట్టలు కుదరవు. ఒక్కడి నాలుగు వేల దుంపల కోసం స్టోరేజీవాడు గది ఇవ్వడు. నలుగురైదుగురు రైతులు కలిసి ప్లాస్టిక్ ట్రేల్లో, ఎవరి రకం వాళ్ల చీటీ కట్టి, ఒకే లోడుగా పంపితే పని అవుతుంది.

నాటడం అక్టోబరు చివర నుంచి నవంబరు అంతా. వైట్ ప్రాస్పెరిటీ, అమెరికన్ బ్యూటీ, సమ్మర్ సన్‌షైన్ వంటి రకాలు 70–90 రోజులకి కోతకొస్తాయి. మాఘమాసపు పెళ్లిళ్లకి సరిగ్గా అందుతాయి. మూడు ఆకుల దశలో ఒకసారి, ఆరు ఆకుల దశలో ఒకసారి నత్రజని వేసి మట్టి ఎగదోయాలి. ఎగదోయని చేలో కాడ వచ్చాక ఒక్క గాలివానకి మొక్క పడుతుంది. పడిన కాడ మళ్లీ పైకి వంగి కొంకి తిరుగుతుంది. కొంకి కాడకి ధర లేదు. ఆరు ఆకుల దశలో నీటి ఎద్దడి పడితే కాడ పొట్టిదవుతుంది, తర్వాత ఎంత తడిపినా పొడవు రాదు. ఆకు మీద వెండిగీతలు కనబడితే తామరపురుగు. మొగ్గలోకి చేరకముందే అదుపు చెయ్యకపోతే రేకుల అంచులు మాడి విచ్చుకోవు. ఒకే మడిలో వరసగా రెండేళ్లు వేస్తే దుంపకుళ్లు తప్పదు. ఎడమ పక్క మడి వరి, కుడి పక్క మడి గ్లాడియోలస్, మరుసటి ఏడు తారుమారు, అలా తిప్పాలి.

లిల్లీ, అదే బరంపురం బజారులో రజనీగంధ అని అడిగేది, గ్లాడియోలస్ అంత ఖరీదు పెట్టుబడి కోరదు. రెండు సెంటీమీటర్లు మించిన దుంపలు నాటితే మూడు నెలలకి పూసి, రెండు మూడేళ్లు అదే మడిలో ఉంటుంది. ప్రజ్వల్, శృంగార్ ఒంటిరేకు రకాలు. సువాసిని, వైభవ్ రెండురేకులవి. ఒంటిరేకు లిల్లీని విడిపూలుగానూ అమ్మొచ్చు, కాడగానూ అమ్మొచ్చు. ఏది మేలో పొలం గట్టు మీదే తేల్చుకునే లెక్క ఒకటుంది. ఒక కాడకి నలభై వరకు మొగ్గలు, మొగ్గ సుమారు గ్రాము. ఇరవై అయిదు కాడలు విడదీస్తే కిలో పూలు. విడిపూల ధర కిలో 100 ఉంటే కాడ విలువ 4 రూపాయలు. దాంట్లోంచి రోజూ తెల్లారుజామున మొగ్గ మొగ్గ కోసే కూలి తీసెయ్యాలి. కిలోకి 25 రూపాయలు కోతకి పోతే కాడకి 3 మిగులుతాయి. మండపంవాడు కాడ మూడున్నరకి అడిగితే కాడగానే ఇవ్వడం మంచిది, రెండున్నరకి అడిగితే విడిపూలే మేలు. వరలక్ష్మీ వ్రతం, భాద్రపదపు ఆదివారాల్లో ఒడియావాళ్లు చేసే ఖుదురుకుణి ఓషా వ్రతం, వినాయక చవితి వారాల్లో విడిపూల ధర లేస్తుంది కనుక అప్పుడు కాడ ముట్టుకోకూడదు. మాఘంలో పెళ్లిళ్లు మొదలయ్యాక కాడ వైపు మొగ్గాలి, ఆ చలికి పూత తగ్గినా ధర కలిసొస్తుంది.

లిల్లీలో రెండో ఏటికి కాడలు పొట్టిబడి, ఆకు కొసలు పసుపెక్కితే వేరు తవ్వి చూడాలి. ముడులు కనబడితే నులిపురుగు. మందుల కన్నా ఆ మడి తీసేసి బంతి వేయడం మంచి వైద్యం, బంతి వేళ్లు ఆ పురుగుని తగ్గిస్తాయి.

కొండ మీద జెర్బెరా

తీరం నుంచి కోరాపుట్ పీఠభూమికి ఎక్కితే వాతావరణమే మారిపోతుంది. కోరాపుట్, సెమిలిగుడ ప్రాంతం సముద్రమట్టానికి ఎనిమిది తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. వేసవి రాత్రులు చల్లన, తుపాను గాలి జోరు అక్కడికి చేరేసరికి తగ్గుతుంది. జెర్బెరా వంటి పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డు) పంట పెట్టాలంటే అక్కడ పెట్టాలి. గంజాం తీరంలో పాలీహౌస్ ఇనుప చట్రం నిలబడినా పైనున్న షీటు తుపానుకి మిగలదు. బోరు నీళ్లలో ఉప్పు ఉండే చోట జెర్బెరా ఆకు అంచులు మాడిపోతాయి కూడా.

వెయ్యి చదరపు మీటర్ల పాలీహౌస్‌లో ఆరు వేల మొక్కలు పడతాయి. కట్టుబడికి 10 లక్షలు, మొక్కలకీ మడులకీ 3 లక్షలు అనుకుందాం. ఉద్యానశాఖ పథకాల్లో సగం సబ్సిడీ ఉంటుంది. పొలం ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం శాఖకే దరఖాస్తు పెట్టాలి, రైతు ఇల్లు అవతలి రాష్ట్రంలో ఉన్నా సరే. సబ్సిడీ పోగా రైతు వాటా కట్టుబడికి 5 లక్షలు, పదేళ్లకి పంచితే ఏటా 50,000. మొక్కల వాటా లక్షన్నర, మూడేళ్లకి పంచితే ఏటా 50,000. వడ్డీ 50,000. ఇద్దరు మనుషులు, ఎరువులు, మందులు, కరెంటు, ప్యాకింగ్ కలిపి 3 లక్షలు. మొత్తం ఏటికి నాలుగున్నర లక్షలు. చదరపు మీటరుకు ఏటా రెండు వందల పూల దాకా రావచ్చు, అందులో అమ్మదగ్గవి లక్షా యాభై వేలు పట్టుకుంటే పువ్వు ఖర్చు 3 రూపాయలు. సబ్సిడీ లేకుండా కడితే ఇదే 4 రూపాయలవుతుంది.

ముహూర్తాల్లో మూడు రూపాయలకి మించి రావడం కష్టం కాదు. అసలు ప్రశ్న అది కాదు. లక్షా యాభై వేల పూలంటే రోజుకి నాలుగు వందల పది. ముహూర్తం ఉన్నా లేకపోయినా, ఆషాఢం అయినా మూఢం అయినా, రోజూ పదేసి పూల కట్టలు నలభై ఒకటి తెగాలి. జయపురం, రాయగడ, సునాబేడ కొట్లన్నీ కలిపినా మామూలు రోజుల్లో అంత కొనవు. మిగిలింది సాలూరు ఘాట్ దిగి విజయనగరం, విశాఖపట్నం చేరాలి. అక్కడ బెంగళూరు నుంచి వచ్చే పూలతో పోటీ పడాలి. కట్టడానికి ముందు ఆ నలభై కట్టలకి ఇద్దరు కొనుగోలుదారుల మాట తీసుకోనివాళ్లు సబ్సిడీ ఆశతో పాలీహౌస్ కట్టకూడదు. సబ్సిడీ చట్రానికి వస్తుంది, పువ్వుకి రాదు.

సాగులో చెడే చోటు ముఖ్యంగా నాటేటప్పుడే. మడి అడుగున్నర ఎత్తు ఉండాలి, మొక్క మొదలు మట్టికి ఒక సెంటీమీటరు పైన కనబడాలి. మొదలు మట్టిలో పూడితే నెలలోపే కుళ్లు పట్టి మొక్కే తేలిగ్గా ఊడి చేతికి వస్తుంది. కోరాపుట్ ఎర్రమట్టి పులుపు ఎక్కువ. జెర్బెరాకి ఉదజని సూచిక (pH) 5.5–6.5 మధ్య ఉంటే చాలు గానీ అంతకన్నా తక్కువుంటే పరీక్ష చేయించి సున్నం వేయాలి. సెమిలిగుడ కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే మోతాదు చెబుతారు. పువ్వుని కత్తిరించకూడదు, కాడ మొదట్లో పట్టి పక్కకి వంచి లాగాలి. కత్తిరిస్తే మిగిలిన ముక్క కుళ్లి మొక్కకి పాకుతుంది. మధ్య కంటి చుట్టూ రెండు వరసలు విచ్చుకున్నాకే కోయాలి. తొందరపడి లేతగా కోసిన పువ్వు బకెట్లో పెట్టిన సాయంత్రానికే మెడ వాలుస్తుంది.

పాలీహౌస్ పెట్టలేనివాళ్లకి కొండ మీద ఇంకో దారి ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మండపం కట్టేవాడు పూలకన్నా ముందు ఆకు అడుగుతాడు. కామిని రెమ్మలు, గోల్డెన్‌రాడ్, ఆస్పరాగస్. గట్ల మీద, కంచె వెంబడి కామిని పెడితే రెండో ఏటి నుంచి కొమ్మలు కోసుకోవచ్చు. కోసిన కొమ్మ బకెట్లో వారం నిలుస్తుంది, మందుల అవసరం దాదాపు లేదు. పువ్వుతోపాటు ఆకు కూడా ఇచ్చే రైతుని కొనేవాడు వదులుకోడు.

కోత నుంచి కొట్టు దాకా

గ్లాడియోలస్ కట్టని బస్సు పైన పడుకోబెట్టి పంపితే ఏమవుతుందో దగ్గరగా చూడాలి. కింది ఒకటి రెండు మొగ్గలకి రంగు కనబడగానే తెల్లవారుజామున కోసిన కాడ అది. పర్లాకిమిడిలో ఎక్కేటప్పుడు ఈటెలా నిటారుగా ఉంటుంది. బరంపురంలో దిగేసరికి జానెడు కొస పైకి లేచి కొడవలిలా వంగుతుంది. అడ్డంగా పడుకున్న కాడ కొస భూమికి ఎదురుగా లేవడం దాని స్వభావం. ఒకసారి వంగాక నీళ్లలో నిలబెట్టినా తిన్నబడదు. మండపంవాడు కట్ట విప్పి పైకెత్తి చూసి సగం ధరకి అడుగుతాడు, అడగడంలో తప్పు కూడా లేదు. పొడవాటి డబ్బాలో నిలువుగా కట్టి, అదే నిలువుతో బండిలో పెట్టడానికి అదనంగా పట్టే ఖర్చు కాడకి పైసల్లో ఉంటుంది.

బకెట్ నీళ్ల శుభ్రత కూడా అంతే ముఖ్యం. నూతి నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు కాడ తూముల్ని మూసేస్తాయి, పువ్వు నీళ్లలో నిలబడి ఎండిపోతుంది. ఇంట్లో వాడే అయిదు శాతం బ్లీచింగ్ ద్రావణం లీటరుకు ఒక మిల్లీలీటరు చాలు. రోజూ బకెట్ తోమి నీళ్లు మార్చాలి. గ్లాడియోలస్ దూరం పంపే ముందు రాత్రంతా 20 శాతం చక్కెర నీళ్లలో, అంటే లీటరుకు 200 గ్రాములు, కాడ మొదళ్లు ముంచి ఉంచితే పైమొగ్గలు కూడా విచ్చుకుంటాయి.

బంతిది ఎదురు సమస్య. దానికి తడి శత్రువు. మంచు ఆరకముందే కోసి గోనెలో కుక్కితే గోనె మధ్య వేడెక్కి రాత్రికి రాత్రి రేకులు నల్లబడతాయి. మంచు ఆరాక కోయాలి, వెదురు గంపల్లో వదులుగా నింపాలి. లిల్లీ విడిపూలు మాత్రం పొద్దు పొడవకముందే కోయాలి, విచ్చుకున్న పువ్వు తూకంలోనూ చూపులోనూ తగ్గిపోతుంది.

ఇక ఏ బజారుకి పంపాలి? ఇచ్ఛాపురం దగ్గర వంద కిలోల బంతి ఉన్న రైతుకి బరంపురం పక్కనే ఉంది, విశాఖపట్నం దూరం. విశాఖలో ధర ఎక్కువని ఫోన్లో వినగానే లారీ ఎక్కించేస్తారు. బరంపురంలో కిలో 40 అనుకుందాం. తరుగు మూడు కిలోలు, కమీషన్ నూటికి ఎనిమిది, రవాణా 200 తీసేస్తే చేతికి 3,370 వస్తుంది. విశాఖకి తరుగు పన్నెండు కిలోలు, కమీషన్ నూటికి పది, రవాణా 600. అక్కడ కిలో 48 పలికినా చేతికి వచ్చేది 3,200 మాత్రమే. యాభై దాటితేనే బరంపురంతో సమానం. ఎనిమిది రూపాయలు ఎక్కువ అని వినబడిన ధర నిజానికి తక్కువ. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి, మన ఊరికి పది రూపాయలు మించి తేడా ఉంటేనే పంపాలి అని ఒక గీత గీసి పెట్టుకుంటే ప్రతి పొద్దునా తికమక పడక్కర్లేదు.

బరంపురం హౌరా–చెన్నై రైలు దారి మీదే ఉంది. కలకత్తా బంతి ఆ దారినే దిగుతుంది, కడియం పూలు జాతీయ రహదారి మీద వస్తాయి. రెండు వైపుల నుంచీ సరుకు దిగిన రోజు ఇక్కడి రైతు ధరలో గెలవలేడు. గెలవగలిగేది తాజాదనంలో. తెల్లవారి కోసి రెండు గంటల్లో కొట్టులో పెట్టిన పువ్వుకి నీళ్లు చల్లక్కర్లేదు, దండ రెండో రోజుకీ వాడదు. ఆ తేడా గుర్తించే దండలవాళ్లు, గుడి పూల కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు నలుగురు దొరికితే వారికి ఏడాది పొడవునా ఒకే ధరకి ఇవ్వడం వేలంపాట కన్నా మంచిది. దసరా రోజున కిలోకి ఇరవై తక్కువొచ్చినా ఆషాఢంలో పువ్వు పారబోయాల్సిన పని ఉండదు.

మండపాలవాళ్లతో అయితే మాట వేరుగా ఉండాలి. తేదీ, కట్టల సంఖ్య, కాడ పొడవు, రంగు చీటీ మీద రాసి సగం డబ్బు ముందే తీసుకోవాలి. పెళ్లి వాయిదా పడితే పువ్వు వాయిదా పడదు. కాడపూలలో నష్టాలకి చాలాసార్లు ఎగ్గొట్టిన బాకీలే కారణం. పెళ్లి అయిపోయాక మిగిలిన సగం వసూలు చేయడానికి ఎన్నిసార్లు తిరిగినా ఆ తిరుగుడు ఖర్చు ఎవరూ పద్దులో రాసుకోరు. రాసుకుంటే, నగదుకి రూపాయి తక్కువకి ఇచ్చిన కాడే ఎక్కువ మిగిల్చిందని తెలుస్తుంది.